పదకొండో మంచం మనిషి చెప్పిన కబురు

ఆమె ఆ ఆస్పత్రిలో ఆయాగా చేరి అప్పటికి తొమ్మిదేళ్ళయింది. దుప్పట్లు మార్చడం, నేల తుడవడం, కదలలేని రోగుల్ని పక్కకు తిప్పి పడుకోబెట్టడం ఆమె పని. చేతులు ఆడినంత చురుగ్గా నోరూ ఆడేది. ఆ మాటలు విన్నవాళ్ళెవరూ ఆమెది ఈ నగరం కాదని అనుకునేవాళ్ళు కాదు.

నిజానికి ఆమె ఉప్పుమడుల వైపు మనిషి. అక్కడి మాట వేరు. ఇక్కడివాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు. గోడలకు రంగులు వేసే మొగుడి వెంట కొత్త పెళ్ళికూతురుగా వచ్చింది. వచ్చిన రెండేళ్ళకు పనులు కరువైపోయాయి. బయటివాళ్ళొచ్చి మా నోటి దగ్గర కూడు లాక్కుంటున్నారని వీధుల్లో గొడవలు మొదలయ్యాయి. ఒక పొద్దున టీకొట్టు దగ్గర మొగుడు పరధ్యానంలో తన వైపు మాటలో టీ అడిగాడు. ముందు పళ్ళు రెండు పోగొట్టుకుని, చొక్కా నిండా నెత్తురుతో ఇల్లు చేరాడు.

ఆ వారమే ఇల్లు మారారు. తలుపులు వేసుకుని కూడా ఆ మాట మాట్లాడకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. తర్వాత కూతురు పుట్టింది. అమ్మానాన్నలకు ఇంకో మాట ఉందన్న సంగతే ఆ పిల్లకు తెలియదు.

అలాంటి రోజుల్లో పదకొండో మంచానికి ఒక ముసలి తాపీమేస్త్రీ వచ్చాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. నోరు ఒక పక్కకు లాగేసింది. నలభై ఏళ్ళుగా మాట్లాడిన నగరపు మాట ఆ దెబ్బకు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయి, చిన్నప్పటి మాట ఒక్కటే మిగిలింది. పక్కన కూర్చున్న కూతురికి అది రాదు. ఆమె బట్టలు కుట్టే మనిషి, ఇక్కడే పుట్టి పెరిగింది.

“నాన్నకు మతి పోయినట్టుంది సిస్టర్. పొద్దుణ్ణుంచి ఏదో ఒకటే గొణుగుడు” అని ఏడ్చింది.

పెద్ద సిస్టర్ కాసేపు విని, “గొణుగుడు కాదమ్మా, ఇది ఉప్పుమడుల వైపు మాటలా ఉంది” అంది. వార్డంతా వినిపించేలా అడిగింది: “ఈ మాట వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

ఆయా బకెట్ దగ్గర కూర్చుని గుడ్డ పిండుతోంది. పిండిన గుడ్డనే మళ్ళీ పిండింది.

మర్నాడు మధ్యాహ్నం కూతురు మందులకని కిందికి వెళ్ళింది. ఆయా మంచం కింద తుడుస్తుంటే పైనుంచి ముసలాయన తన మాటలో “దాహం” అన్నాడు. ఆయా లేచి గ్లాసు అందుకుని ఆయన పెదవులకు ఆనించింది. ఆనించాక గానీ తను చేసిన పని తనకు తట్టలేదు.

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. “నువ్వు మావైపు పిల్లవే!” అన్నాడు. పనిచేసే ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “తల్లీ, గట్టు చివరింట్లో మా చెల్లి ఉంటుంది. దానికి కబురు పెట్టు. కోపంతో రాకపోవడం కాదు, సిగ్గుతో రాలేదని చెప్పు. నా పిల్లకు మన మాట నేర్పలేదు. మాట రాని పిల్లను వెంటబెట్టుకుని ఏ మొహంతో వెళ్ళను?”

పక్క మంచం రోగి పెళ్ళాం తల తిప్పి చూసింది. “ఏమంటున్నాడు? నీకు తెలుస్తోందా ఏంటి?”

ఆయాకు టీకొట్టు, మొగుడి చొక్కా కళ్ళముందు కదిలాయి. చెయ్యి విడిపించుకుని, అచ్చమైన నగరపు మాటలో గట్టిగా అంది: “నాకేం అర్థం కావట్లేదు తాతా.”

ముసలాయన ఆమెవంక చాలాసేపు చూశాడు. మెల్లిగా మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఎవరితోనూ, కూతురితో కూడా, మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున పోయాడు. ఆ దుప్పటి తీసింది ఆయానే.

రెండు వారాల తర్వాత పదకొండో మంచం కింద తుడుస్తుంటే “దాహం” అని వినపడింది. అదే మాట, ఒక పక్కకు లాగిన అదే నోరు. లేచి చూస్తే కొత్త రోగి, పడుచువాడు, నిద్రపోతున్నాడు. ఆ రోజు నుంచి పట్టపగలే మెట్ల మీద, దుప్పట్ల గదిలో, బస్సు కోసం నిలబడ్డచోట ఆ పిలుపు ఆమెను వదల్లేదు. మంచినీళ్ళు తాగాలంటే గొంతు దిగేవి కావు.

ఒకరోజు కూరగాయలు తరుగుతుంటే కూతురు వచ్చి ఎదురుగా నిలబడింది. “అమ్మా, ఏమన్నావ్?”

“నేనేమన్నాను?”

“ఇప్పుడే ఏదో అన్నావ్. అది ఏ భాష?”

బ్రష్షులు కడుగుతున్న మొగుడి చేతులు ఆగిపోయాయి. పిల్ల అవతలికి వెళ్ళాక, “ఒట్టు మర్చిపోయావా?” అన్నాడు.

“నేను అనలేదయ్యా. ఆయన అంటున్నాడు.” జరిగిందంతా చెప్పింది.

మొగుడు కోప్పడలేదు. నేలచూపులు చూస్తూ అన్నాడు: “నాకూ మా అమ్మ గొంతు వినపడుతూనే ఉంటుంది. పనిలో ఉన్నప్పుడు రేడియో పెంచేస్తాను.” బ్రష్షులు పక్కన పెట్టి, “వెళ్ళి ఆ కూతురికి చెప్పేసిరా” అన్నాడు.

ఆస్పత్రి రిజిస్టర్లో చిరునామా చూపించుకుని ఆయా వెళ్ళింది. కుట్టుమిషన్ ఆపి, తాపీమేస్త్రీ కూతురు మొత్తం విన్నది. “అంటే నాన్న మాట్లాడుతున్నది నీకు తెలుస్తూనే ఉంది. నేనేమో ఆయనేమంటున్నాడో తెలీక నెత్తీనోరూ కొట్టుకుంటున్నాను. నువ్వు బకెట్ పట్టుకుని పక్కనే తిరిగావు.”

“భయమేసిందమ్మా.”

“నాకు మేనత్త ఉందనే తెలీదు.” మిషన్ మీది గుడ్డ తీసి పక్కన పెట్టి, “నాన్న ఎలా అన్నాడో అలాగే అను” అంది.

పదేళ్ళు దాటిన తర్వాత ఆయా ఆ మాటను కావాలని నోట్లోకి తెచ్చుకుంది. కుట్టే మనిషి కళ్ళు మూసుకుని వింది. అర్థమైంది ఒక్కటీ లేదు. అయినా “మళ్ళీ అను” అంది. మూడుసార్లు చెప్పించుకుంది. “నిన్ను క్షమించానని అనుకోకు. కానీ నాతో రా. అక్కడ నాకు నోరు లేదు” అంది.

రోజంతా బస్సులో కూర్చుంటే ఉప్పుమడులు వచ్చాయి. మడుల్లో మనుషులు ఉప్పు లాగుతూనే ఉన్నారు, కానీ ఆయాకు ఒక్క కేకా అర్థం కాలేదు. ఇక్కడివాళ్ళంతా పనికోసం నగరాలు పట్టిపోతే, పనికోసం ఇంకెక్కణ్ణుంచో వీళ్ళొచ్చారు. దారి అడుగుదామని టీకొట్టు దగ్గర తన పుట్టినచోటి మాటలో పలకరించింది. నగరం నుంచి వచ్చి కొట్టు పెట్టుకున్నవాడు, తెల్లబోయాడు. లోపలికి తిరిగి, నగరపు మాటలో నవ్వుతూ అరిచాడు: “ఒసేయ్, ఎవరో వచ్చారు! ఆ గట్టు చివరి ముసలామెలాగే మాట్లాడుతున్నారు.” ఆయా వైపు తిరిగి మర్యాదగా అడిగాడు: “ఎక్కణ్ణుంచి వచ్చారమ్మా?”

ఆయా నగరపు మాటలోనే గట్టుకు దారి అడిగింది.

గట్టు చివరింటి ముందు ముసలామె ఎండలో కూర్చుని ఉంది. చూపు సరిగా లేదు. ఆయా నోరు తెరవగానే ఆమె రెండు చేతులూ గాల్లోకి చాచింది. “ఎవరి పిల్లవే? ఎన్నాళ్ళకు విన్నానే! మాట్లాడు, ఆపకు.”

ఆయా కబురంతా చెప్పింది, చావు కబురుతో సహా. ముసలామె ఏడ్చింది. మేనకోడల్ని దగ్గరకు లాక్కుని మొహమంతా తడిమి, “సిగ్గెందుకురా పిచ్చోడా, పిల్లను తీసుకొస్తే చాలదా” అని అన్నను తిట్టింది. కాసేపటికి తేరుకుని ఆయావైపు తిరిగింది.

“ఒక్కటి చెప్పు తల్లీ. చివర్లో వాడితో మన మాట మాట్లాడినవాళ్ళు ఉన్నారా?”

“ఏమంటోంది?” అంది కుట్టే మనిషి.

ఆయా ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు నగరపు మాటలో చెప్పింది. చెప్పి తల వంచుకుంది.

కుట్టే మనిషి ఆమెనే చూస్తూ, “ఉన్నారని చెప్పు” అంది.

“అమ్మా...”

“నువ్వే మాట్లాడావని, నువ్వే నీళ్ళు పట్టావని చెప్పు.”

ఆయా చెప్పింది. ముసలామె తడుముకుంటూ వచ్చి ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. “నా అన్నకు నోరు తడిపిన చేతులు. చల్లగా ఉండు తల్లీ” అని పదే పదే అంటుంటే, ఆయా ఆ చేతులు వెనక్కి తీసుకోలేక, అలాగే ఎండలో నిలబడిపోయింది.