దబ్బనంతో కుట్టిన జెండా

"చొక్కా కాలరు నిక్కబొడుచుకుని ఉండాలి. సాయంత్రం సభలో ముందు మాట్లాడేది నేనే," అన్నాడు భర్త. "ఉపన్యాసం అయిందా?"

"ఇంకో పేజీ ఉంది."

"చదివేవాడికి ఊపిరాడేలా రాయి. పోయినసారి వాక్యాలు మరీ పొడుగైపోయాయి."

పన్నెండేళ్లుగా కార్మిక సంఘం వేదిక మీద ఆయన పలికే ప్రతి మాటా ఆమెదే. ఒక్కసారీ ముందుగా చదువుకోడు. మైకు ముందు నిలబడ్డాకే కాగితం మడత విప్పుతాడు. అప్పుడే ఆవేశం సహజంగా వస్తుందట.

ఇస్త్రీ ఆపి గోడ వంక చూసింది. మేకు ఉంది. దాని కింద రంగు వెలిసిపోని నలుచదరం ఉంది. భర్త తాతగారు, నాయనమ్మల పాత ఫోటో లేదు. ఫ్రేముకి చెద పట్టిందని నెల క్రితం పట్టుకెళ్లాడు. అడిగినప్పుడల్లా ఓ కొత్త కారణం. పైగా, "నువ్వెందుకు రావడం, కూర్చోడానికి చోటుండదు" అని ఇవాళ మూడుసార్లు చెప్పాడు. ఒక్కసారి చెబితే నమ్మేదేమో.

మధ్యాహ్నం అన్నం డబ్బా వంకతో సంఘం ఆఫీసుకి వెళ్లింది. వాకిట్లో ప్రదర్శన బస్సు ఆగి ఉంది. తెల్లదొరల మీద గోనెసంచుల మిల్లు కూలీలు చేసిన తిరుగుబాటును ఊరూరా చూపిస్తున్న బస్సది. లోపల మూడో అద్దాల బీరువాలో ఆ తిరుగుబాటు నాటి జెండా, పక్కనే వాళ్లింటి ఫోటో.

ఇంట్లో ఉన్నప్పుడు ఆ ఫోటోలో ఇద్దరుండేవారు. ఇప్పుడు భర్త తాతగారొక్కరే ఉన్నారు. నాయనమ్మని కత్తిరించేశారు. జెండా కర్ర మీద ఆవిడ నాలుగు వేళ్లు మాత్రం మిగిలిపోయాయి. కింద చీటీ: "నాయకుడు స్వయంగా కుట్టిన జెండా. వివరాలు ఇచ్చినవారు: మనవడు."

పోయేదాకా అత్తగారు ఒకటే చెప్పేది. "మా మామగారికి బొత్తాం కుట్టుకోవడం కూడా రాదే. మా అత్త మిల్లులోంచి గోనెలు కుట్టే దబ్బనం కొప్పులో దాచి తెచ్చి ఆ జెండా కుట్టింది. దానికే ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు."

"ఈ నాయకుడి భార్య ఏం చేసేవారండీ?" బస్సు చూసుకునే అమ్మాయి అడిగింది. "సారునడిగితే, ఇంట్లోనే ఉండేదన్నారు."

తనని కూడా ఆయన నలుగురికీ పరిచయం చేసేది అలాగే.

"సాయంత్రం సారే చెబుతారులే," అంది ఆమె.

ఇంటికొచ్చి చివరి పేజీ రాసింది. వాక్యాలన్నీ పొట్టివే, చదివేవాడికి ఊపిరాడేలా. "ఈ జెండా కుట్టింది మా నాయనమ్మ. ఆ వేళ్లు ఆవిడవే. ఫోటో కత్తిరించింది నేను. ఈ ఉపన్యాసం రాసింది నా భార్య."

కాగితాలు మడిచి ఇస్త్రీ చొక్కా జేబులో పెట్టింది. చోటుండదన్నాడు కదా అని, అందరికంటే ముందే వెళ్లి మొదటి వరుసలో కూర్చుంది.