గలీబులో వదిన

తపాలా ఆఫీసులో పార్సిళ్ల కౌంటరు దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్న మనిషికి చేతులు ఊరుకోవు. ఏ వస్తువు కనపడినా ఎత్తి, అరచేతిలో ఒకసారి ఆడించి, బరువెంతో మనసులో అనుకుంటే గానీ కింద పెట్టబుద్ధి కాదు. వదిన సంగతి అదే. ఎవరింటికైనా వెళితే చంటిబిడ్డను ముద్దు చేయడానికి ముందు ఒకసారి తూచేది. "బాగానే ఉన్నాడు, కిందటిసారి కంటే కాస్త ఒళ్లు చేశాడు" అని ఆవిడ అంటే ఆ తల్లి కుదుటపడేది. ఆఫీసులో ఆవిడకు కాటా అని పేరు పెట్టారు. ఆ మాట ఆవిడ చెవిన పడకపోలేదు. అయితే దాన్ని ఆవిడ తిట్టుగా తీసుకోలేదు.

ఆవిడను వదినా అని పిలిచే ఆడపడుచు పళ్ల డాక్టరు. అన్నావదినలు పై అంతస్తులో ఉంటే ఆవిడ కింది అంతస్తులో కాపురముండేది. డాక్టరమ్మ భుజాన ఎప్పుడూ ఒక తోలు సంచి వేళ్లాడుతుండేది. అందులో ఏముందో ఆవిడకే తెలియదు గానీ, ఫలానాది లేదని మాత్రం ఎవరూ అనలేరు. మెట్ల మీద ఆ సంచి ఎదురైనప్పుడల్లా వదిన చెయ్యి దానికింద పెట్టి కొంచెం ఎత్తి చూసి నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు డాక్టరమ్మకు ఒళ్లు మండించేది. ఇద్దరూ ఒకరినొకరు ఒక్క మాట అనుకునేవారు కాదు. అనదలచుకున్నవన్నీ వెళ్లి మధ్యలో ఉన్న అన్నగారికి చెప్పేవారు.

ఆ అన్నగారు, అంటే వదిన భర్త, కళ్లజోళ్ల దుకాణం నడుపుతాడు. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఆయనకు ఓపిక చచ్చింది. మెట్ల మీద చెప్పులు ఎవరు అడ్డంగా వదిలారన్న విషయం ఆయన ఎడమ చెవిలో ఒకరు, కుడి చెవిలో ఒకరు పోస్తుంటే చెంచా పక్కన పెట్టి, "నేను మధ్యలో లేకుండా మీరిద్దరూ ఒక్క పూటైనా కలిసి ఉండగలరా? ఉండలేరు. రాసిస్తాను" అన్నాడు.

ఆ మాటకు ఇద్దరికీ ఒకేసారి పౌరుషం పొడుచుకొచ్చింది. వాళ్లిద్దరూ ఒక విషయంలో ఏకమవడం ఆ ఇంట్లో అదే మొదలు. డాక్టరమ్మ ఆసుపత్రి గోడ మీద కొండలెక్కే బృందం వాళ్ల ప్రకటన ఒకటి ఉంది. నడుచుకుంటూ కొండ మీదికి పోయి, ఆరుబయట పడుకుని, మర్నాడు దిగి రావడం. సాయంత్రానికల్లా ఇద్దరూ అందులో చేరిపోయారు. అన్నగారు మొదట నవ్వాడు. వదిన అటక మీంచి పాత బూట్లు దింపడం చూశాక నవ్వడం మానేశాడు.

బృందం పెద్ద ఫైరింజన్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. అందరూ ఆయన్ను కెప్టెన్ అంటారు. ఎవరి మూట వాళ్లే మోసుకోవాలి, ఎవరి గూడు వాళ్లే తెచ్చుకోవాలి అని ఆయన ఫోనులో చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. గూడంటే చిన్న డేరా అయినా సరే, బివీ అయినా సరే. బివీ అంటే ఏమిటని వదిన అడిగింది. వానకు తడవని సన్నటి బట్టతో కుట్టిన సంచి అనీ, పరుపూ దుప్పటితో సహా మనిషి అందులో దూరి జిప్పు వేసుకోవడమే అనీ ఆయన వివరించాడు. వదిన ఫోను పెట్టేసి, "దిండుకున్నట్టు మనిషికి గలీబన్నమాట" అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో బరువు మీద యుద్ధం మొదలైంది. ఎవరి మూట వాళ్లే మోయాలి అన్న మాట వదినను పట్టుకుంది. స్వెట్టరు మెడ దగ్గర ఉన్న చీటీ కత్తిరించింది. దువ్వెన సగానికి విరిచింది. సబ్బు చెక్కి బిళ్లంత చేసింది. చివరికి పళ్లు తోముకునే బ్రష్షు కాడ రంపంతో కోస్తుంటే డాక్టరమ్మ కంటపడింది. వృత్తిపరంగా ఆవిడ మనసు గాయపడింది. వేళ్లు గొంతు దాకా పెట్టుకుని తోముకుంటారా అని అన్నగారి దగ్గరికి వెళ్లి అడగబోయి, ఆయన విసిరిన సవాలు గుర్తొచ్చి మెట్ల మధ్యలోనే ఆగి, వెనక్కి వచ్చి వదిననే అడిగింది. మొహమ్మీద అడిగేసరికి వదిన రంపం ఆపింది. "నీ సంచిలో రంపం కంటే పెద్దది ఉందా?" అని అడిగింది. ఉంది.

ఇక గూడు సంగతి. కెప్టెన్ చెప్పినదాని ప్రకారం ఇద్దరికీ కలిపి ఒక డేరా కొనవచ్చు. లేదా చెరో బివీ కొనవచ్చు. వదినకు బివీయే కావాలి. బరువు తక్కువ అని ఆవిడ వాదన. అసలు కారణం డాక్టరమ్మ గురక. కింది అంతస్తులో ఆవిడ గురక పెడితే పై అంతస్తులో వదిన అదిరే గ్లాసులు సర్దుకునేది. చిత్రంగా డాక్టరమ్మ కూడా బివీయే మేలంది. వానకు డేరా కంటే సంచి నయమట. ఆవిడ అసలు కారణం ఆవిడకూ ఉంది. వదిన నిద్రలో మాట్లాడుతుంది. మామూలు మాటలైతే భరించవచ్చు. ఆవిడ పార్సిలు రేట్లు చదువుతుంది. ఇద్దరూ మర్యాద కొద్దీ ఈ సంగతులు దాచుకుని, ఎదుటి మనిషి ఇంత సులువుగా ఎందుకు ఒప్పుకుందా అని లోలోపల అనుమానపడుతూ దుకాణానికి వెళ్లారు.

దుకాణదారు ఏడుపు మొహం మనిషి. కొండలూ అడవులూ తిరిగేవాళ్లకు కావలసిన సరంజామా అంతా అమ్ముతాడు గానీ, తనకు బయట పడుకోవడమంటే భయమని మొదటే చెప్పేశాడు. ముందు సామాను సంచులు చూపించాడు. ఒక రకం ఉల్లిపొరలా పల్చగా ఉన్నాయి. మూతి దగ్గర మడతలు మడిచి బిగిస్తే నీరు లోపలికి పోదు. వదిన ఒకదాన్ని అరచేతిలో వేసుకుని కళ్లు మూసుకుంది. చేతిలో ఏమైనా ఉందా లేదా అన్నట్టు మళ్లీ కళ్లు తెరిచి చూసుకుంది. ఆవిడ మొహంలో అంత ఆనందం డాక్టరమ్మ ఎన్నడూ చూడలేదు. దువ్వెన ముక్కకొకటి, మేజోళ్లకొకటి, బిస్కెట్లకొకటి అంటూ ఉన్న రంగులన్నీ ఏరుకుంది. డాక్టరమ్మ మాత్రం పడవ వాళ్లు వాడే మందపాటి రబ్బరు సంచి ఒకటి పట్టుకుని, సామానంతా ఇందులోనే అని తేల్చేసింది. వదిన దానికింద చెయ్యి పెట్టి నిట్టూర్చింది.

బివీలు రెండు రకాలు. ఒకదానికి తల దగ్గర చిన్న కమాను ఉంటుంది, గుడ్డ మొహమ్మీద పడదు. రెండోది ఒట్టి గొట్టం. గొట్టమే తేలిక. అయితే పడుకుని చూసి తీసుకోండి, తర్వాత వాపసు తీసుకోను అన్నాడు దుకాణదారు. వదిన బూట్లు విప్పి, నేల మీద పరిచిన గొట్టంలోకి దూరి, హాయిగా ఉందో లేదో చూడాలని జిప్పు నెత్తి మీద దాకా లాగేసుకుంది. హాయిగానే ఉంది. బయటికి రాబోతే జిప్పు ముక్కు దాకా వచ్చి ఆగిపోయింది. ఇటు రాదు, అటు పోదు.

దుకాణదారు మోకాళ్ల మీద కూర్చుని లాగాడు. ఇది ఎప్పటికీ చిక్కుకోదని కంపెనీవాళ్లు రాశారండీ అని బాధగా చెప్పాడు. అంతలో ఒక జంట లోపలికి వచ్చింది. నేల మీద కదులుతున్న సంచిని చూసి, నమూనాగా ఎవరినో పెట్టారనుకున్నారు. ఆ జంటలో ఆయన వంగి, వస్తువు బాగుంటుందాండీ అని సంచినే అడిగాడు. వదినకు అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"బరువు చాలా తక్కువండీ" అంది లోపల్నుంచి. "ఊపిరే కొంచెం కష్టం."

ఆ జంట డేరాల వైపు వెళ్లిపోయారు. దుకాణదారు కత్తెర కోసం లేచాడు. కత్తెర పెడితే సంచి పోతుందని వదిన ససేమిరా అంది. అప్పుడు డాక్టరమ్మ తోలు సంచి కింద పెట్టి, లోపల చెయ్యి పెట్టి కలియదిప్పి, కాడకు బిగించిన చిన్న అద్దమూ, పళ్లు పీకే పట్కారూ తీసింది. దుకాణదారును టార్చి పట్టుకోమంది. ఆవిడ గొంతు ఒక్కసారిగా మారిపోయింది.

"కదలకండి. నొప్పిగా ఉంటే ఎడమ చెయ్యి ఎత్తండి."

"చేతులు లోపలున్నాయి కదే."

"అయితే ఓర్చుకోండి."

జిప్పులో ఒక పన్ను వంకరపోయి పక్కదాని మీదికి ఎక్కింది. డాక్టరమ్మ అద్దంలో చూసి తల పంకించి, దాన్ని పట్కారుతో పట్టి ఒక్క లాగు లాగింది. పన్ను చేతికొచ్చింది, జిప్పు జర్రుమని జారింది, వదిన చెమటతో ఎర్రబడ్డ మొహంతో లేచి కూర్చుంది. అలవాటు కొద్దీ డాక్టరమ్మ ఆవిడకు పుక్కిలించడానికి నీళ్లిచ్చింది. అలవాటు లేకపోయినా వదిన పుక్కిలించింది. పన్ను ఊడిన సంచిని ఇక ఎవరూ కొనరు కాబట్టి వదినే తీసుకుంది. డాక్టరమ్మ కూడా పట్టుదలకు పోయి అలాంటి గొట్టమే కొంది.

కొండ ఎక్కడం సాఫీగానే సాగింది. పైకి చేరాక వదిన తన రంగుల సంచులన్నీ బయటికి తీసింది. ఏ రంగులో ఏం పెట్టిందో మరిచిపోయింది. బిస్కెట్ల కోసం పసుపుపచ్చది విప్పితే మేజోళ్లు వచ్చాయి, మేజోళ్ల కోసం నీలంది విప్పితే సబ్బు బిళ్ల వచ్చింది. ఖాళీ అయిన పసుపుపచ్చ సంచి గాలికి లేచింది. మరీ తేలిక కావడంతో అది కింద పడటానికి ఒప్పుకోలేదు. కెప్టెన్ టోపీ చేత్తో పట్టుకుని మైదానమంతా దాని వెంట పరిగెత్తి పట్టుకొచ్చాడు. సంచిని వదిన చేతికి ఇవ్వకుండా తన జేబులో పెట్టుకున్నాడు.

పడుకోవడానికి చదునైన చోటు చూసుకోండి అని ఆయన చెప్పాడు. మంచి చోటు ఒకటి దొరికింది. నువ్వు పడుకో అంది వదిన. పెద్దవారు, మీరే పడుకోండి అంది డాక్టరమ్మ. నాకు ఎక్కడైనా ఒకటే అంది వదిన. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. ఆ మర్యాదలు జరుగుతుండగానే మిగతావాళ్లు ఆ చోటూ, దాని చుట్టుపక్కల చోట్లూ అన్నీ పరుచుకుని పడుకున్నారు. వీళ్లకు మిగిలింది గడ్డి వాలు. కొంచెమే కదా వాలు అని ఇద్దరూ గొట్టాల్లో దూరారు.

సన్నగా జల్లు పడి గడ్డి తడిసింది. నున్నటి గుడ్డ, తడి గడ్డి, కొంచెమే వాలు. తెల్లవారి వదిన కళ్లు తెరిచేసరికి రాత్రి కాళ్ల దగ్గరున్న చెట్టు ఎక్కడో తల పైన కనిపించింది. బృందం వాళ్ల డేరాలు కొండ కొసన బొత్తాల్లా ఉన్నాయి. ఎదురుగా ఒక గొర్రె నిలబడి నెమరు వేస్తూ తననే చూస్తోంది. పక్కన ఇంకో సంచి ఉంది. అందులోంచి ఇంటి గోడలు ఎరిగిన గురక వస్తోంది. ఇద్దరూ నిద్రలోనే జారి జారి కింద ఉన్న గొర్రెల కంచెకు ఆనుకున్నారు.

జిప్పుకి పన్ను లేదు గనుక వదిన ఇట్టే బయటపడింది. డాక్టరమ్మ జిప్పు మాత్రం ఈసారి మొరాయించింది. పట్కారు తోలు సంచిలో ఉంది, తోలు సంచి కొండ మీద ఉంది. పైనుంచి కెప్టెన్ ఈల వినిపిస్తోంది. తలలు లెక్కపెట్టుకుంటున్నట్టున్నాడు.

"వదినా, నన్నిక్కడ వదిలేసి వెళ్లకండి. గొర్రె ఉంది."

"వదలనులే. అది నాతో మంచిగానే ఉంది."

వదిన సంచి తల దగ్గరున్న పట్టీ భుజానికి వేసుకుని లాగడం మొదలుపెట్టింది. తడి గడ్డి మీద బాగానే జారుతోంది. అయినా ఎక్కుడు ఎక్కుడే కదా, ఆయాసం తన్నుకొచ్చింది. కొంత దూరం పోయాక సంచిలోంచి గొంతు వచ్చింది.

"ఎంతుంటానంటారు?"

వదిన ఆగి ఊపిరి తీసుకుంది. జీవితంలో మొదటిసారి బరువు చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. "పార్సిలు కింద తీసుకోం" అంది.

సంచి ఊగడం మొదలుపెట్టింది. లోపల డాక్టరమ్మ నవ్వుతోంది. అది చూసి వదినకూ నవ్వు ఆగలేదు. పట్టీ భుజం మీంచి జారింది. సంచి తిరిగి కంచె దాకా జారిపోయింది, వెనకే వదిన కూలబడి జారుతూ వెళ్లింది, గొర్రె పక్కకు తప్పుకుంది.

ఆ కంచె దగ్గరే దాచుకున్న సంగతులన్నీ బయటికొచ్చాయి. బివీ ఎందుకు కావాలన్నానో తెలుసా, నీ గురకకు భయపడి అని వదిన చెప్పేసింది. మీరు రాత్రి కూడా రేట్లు చదివారు వదినా, బరువు ఎక్కువైతే డబ్బులు ఎక్కువవుతాయని నన్ను మందలించారు కూడా అని సంచి జవాబిచ్చింది. చెప్పులు మెట్ల మీద వదిలింది ఎవరన్న విషయం కూడా వచ్చింది. ఇద్దరిలో ఎవరూ కాదు. అవి అన్నగారివి. ఇన్నాళ్లూ ఆయన చెప్పుల గురించి ఆయనకే ఫిర్యాదు చేస్తూ వచ్చారు, ఆయన గంభీరంగా తలూపుతూ విన్నాడు.

కెప్టెన్ దిగివచ్చేసరికి ఒక ఆవిడ గడ్డిలో కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది, ఒక సంచి పొర్లిపొర్లి నవ్వుతోంది. ఆయన చాలా మంటల్లోంచి చాలామందిని మోసుకొచ్చినవాడు గనుక ఏమీ అడగకుండా సంచిని ఒక పక్క ఎత్తాడు. వదిన రెండో పక్క ఎత్తింది.

మరుసటి నెల వాళ్లిద్దరూ మళ్లీ ఆ ఏడుపు మొహం మనిషి దుకాణానికి వెళ్లి ఇద్దరు పట్టే డేరా కొన్నారు. అది బరువే. వదిన ఎత్తి చూసింది, అయినా నిట్టూర్చలేదు. ఊచలు ఎవరు మోయాలి, గుడ్డ ఎవరు మోయాలి అని దుకాణం నుంచి ఇంటి దాకా దారంతా పోట్లాడుకున్నారు. మధ్యలో ఎవరి దగ్గరికీ వెళ్లకుండా, మొహమొహాలు చూసుకుని, తృప్తిగా.