ఆకుపచ్చయితే నేను కొంటా

ఈ చావు మీ బొటనవేళ్ల కింద ఉంది. బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి, కక్కసులో కూర్చుని, టీ చల్లారేలోపు ఒక మాట రాసి పారేసి, తెర పైకి తోసుకుంటూ పోయిన మీ అందరి వేళ్ల కింద. నగరిలో నేసే గుడ్డను ఒక్కనాడూ చేత్తో పట్టుకోనివాళ్లు, మగ్గానికి ముందేదో వెనకేదో తెలియనివాళ్లు డిమాండు గురించి, మార్కెట్టు గురించి, మిషన్ల గురించి తీర్పులు చెప్పారు. ఏమన్నారో ఇప్పుడు మీకు గుర్తు కూడా ఉండదు. గోవిందయ్య మరిచిపోలేదు. మీరన్న మాటను నెత్తిన పెట్టుకునే ఆ రోజు పనిలోకి వచ్చాడు.

ఎండ ఇంకా షెడ్డు రేకుల మీదికి ఎక్కలేదు. అప్పటికే ఆయన కరెంటు మగ్గం వెనక పీట మీద కూర్చుని చాలా పని లాగేశాడు. నూలు చుట్టిన బీము మీదికి ఏళ్ల తరబడి వంగీ వంగీ మెడ ముందుకు సాగిపోయింది. నిలబడినా కిందేదో పారేసుకుని వెతుకుతున్నట్టే ఉంటాడు. కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారింది. లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టి ఉంది, బనియను వీపుకు అతుక్కుపోయి ఉంది. పక్కన మూత పోయిన పాత అమృతాంజనం డబ్బా, దాని నిండా విభూది. పోగు జారకుండా అందులో వేలు అద్దుతాడు. ఎడమ చేత్తో పాత పోగు, కుడి చేత్తో కొత్త పోగు లాగి, రెంటినీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక మెలి తిప్పుతాడు. తర్వాత ఇంకో పోగు. చూసేవాడికి ఆవులింత వస్తుంది. చేసేవాడికి నడుము పోతుంది.

పడుగు, అంటే నిలువు పోగులు, అతకడం ఆయన పని. నేత అయిపోయాక పాత పడుగును మగ్గం నుంచి పూర్తిగా తీసెయ్యరు. పోగులను వరసలో నిలిపే అచ్చులో నుంచి జానెడు కొస వేలాడేటట్టు వదులుతారు. కొత్త బీము ఎక్కించి ఆ కొసకే కొత్త పోగులు అతుకుతారు. ఇంట్లో పీనుగ లేచినా మగ్గం ఆపుతారు తప్ప కొస కొయ్యరు. మగ్గాన్ని పాత ఇనుముకు వేసే రోజునే దాని మీద కత్తెర పడుతుంది. నగరిలోని ఆ నేత వీధిలో అట్లా కత్తెర పడిన షెడ్లే ఎక్కువ. ఒకదాంట్లో నీళ్ల క్యాన్లు పెట్టారు, ఇంకోదాంట్లో పెళ్లిళ్ల కుర్చీలు. టకటక వినిపించేది ఇక గుణశేఖర్ షెడ్డులోనే, అదీ తెరిపి ఇచ్చి ఇచ్చి.

గోవిందయ్య వేళ్ల కొసలు చింతగింజల్లా నున్నగా అరిగిపోయాయి. రేషను అంగట్లో మిషను ఆయన బొటనవేలిని మనిషి వేలుగా ఒప్పుకోదు. కుప్పమ్మ వెళ్లి తన వేలు పెడితేనే బియ్యం. మొగుడి వేళ్లన్నీ మగ్గమే తినేసిందని ఆమె నవ్వుతూ అంటుంది, నవ్వకుండానూ అంటుంది.

ఆ వేళ్లనే గుణశేఖర్ కొడుకు రూపేష్ వీడియో తీశాడు. చెన్నైలో ఏదో యాప్ కంపెనీలో కొన్నాళ్లు చేసి, అక్కడ తీసేస్తే ఇంటికొచ్చినవాడు. మగ్గాలు ఇనుముకు వేసి షెడ్డును పార్సిళ్ల గోడౌనుకు అద్దెకిద్దామని రోజూ తండ్రి తల తింటున్నాడు. విభూది వేలును దగ్గర నుంచి తీసి, పక్కనే నేసిన ఎర్రంచు పసుపు చీర చూపించి, వెనక వీణ పాట పెట్టి, కింద ఒక ప్రశ్న రాశాడు: 'ఈ రోజుల్లో ఇదింకా అవసరమా? మీరేమంటారు?'

అడిగిందే తడవు, జనం విరగబడి చెప్పారు. ముళ్లు వేసే మిషను ఉంటే చేత్తో చెయ్యడమేంటి బ్రో అన్నాడొకడు. డిమాండు లేని సరుకు తయారు చెయ్యడం దేశానికే నష్టమన్నాడు ఇంకొకడు. వాడి ఫోటోలో వాడు కారు ముందు నిలబడి ఉన్నాడు, ఆ కారు వాడిదో కాదో. నూలు నలుగుతుంది, నేను పాలియెస్టరే వాడతాను అని ఒకావిడ. మార్కెట్టుకు జాలి ఉండదు, మారనివాళ్లు పోతారు అని ఒక చదువుకున్నాయన. పాపం తాత అని గుండె బొమ్మలు పెట్టినవాళ్లు లెక్కలేదు. వాళ్ల మధ్యలో ఒకడు రాశాడు: 'పసుపు చీరకు ఆ ఎర్రంచు ఏంటి, పాత చింతకాయ పచ్చడి. ఆకుపచ్చయితే నేను కొంటా.' దాని కింద వందల మంది బొటనవేలు ఎత్తారు.

గోవిందయ్య కూతురు హేమశ్రీ శ్రీ సిటీలో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోయి వస్తుంది. ముందురోజు సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి, కాళ్లు చాపుకుని, ఇవన్నీ తండ్రికి చదివి వినిపించింది. తిట్లున్నవి దాటేసింది. ఆకుపచ్చ మాట దగ్గర ఆయన ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు.

"ఈళ్లంతా ఎవురు మే? మన గుడ్డ కొనేవాళ్లా?"

"ఊరికే అంటా ఉంటారు నాయనా. పట్టించుకోవద్దు."

"ఊరికే ఎట్లా అంటారు? కొంటానని రాసినాడు గదా. అంతమంది ఔనన్నారు గదా."

హేమశ్రీకి నిద్ర ముంచుకొస్తోంది. ఔను నాయనా అనేసి పడుకుంది.

ఇక్కడ గోవిందయ్యను తెలివితక్కువవాడు అనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఆ వీధి వ్యాపారం అంతా మాట మీద నడిచింది. అంచు రంగు ఎవరైనా కాయితం మీద రాసిచ్చేది కాదు. కొనేవాడు గుడ్డ చేత్తో నలిపి చూసి, ఈసారి ఈ రంగు వెయ్యి అంటాడు. అన్నవాడు ఆ గుడ్డ తీసుకుని తీరాలి. ఊళ్లో ఆ రంగు ఎవరికీ నచ్చకపోయినా సరే, ధర పడిపోయినా సరే. ఒకసారి ఒక షావుకారు ఊదా రంగు చెప్పి, అది ఎక్కడా అమ్ముడుపోక, ఆ చీరలన్నీ తన ఇంటి ఆడవాళ్లకే ఏళ్ల తరబడి కట్టించాడు. ఆ ఇంటి ఆడవాళ్లను ఊరంతా ఊదా చీరలోళ్లు అనేది. మాటంటే అది. గుడ్డ తాకకుండా గుడ్డ గురించి మాట్లాడే మనుషులు ఉంటారని గోవిందయ్యకు ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఇన్నేళ్లలో కొనేవాళ్ల మాట ఆయన చెవికి నేరుగా రాలేదు. షావుకారు గుణశేఖర్‌కు చెబుతాడు, గుణశేఖర్ ఆయనకు చెబుతాడు. ఇప్పుడు కొనేవాళ్లే తన వేళ్లు చూసి, తనతోనే చెప్పారు. రాత్రంతా ఆ సంతోషానికి ఆయన అటూ ఇటూ పొర్లాడు.

అంచు పోగులకు వేరే చిన్న బీములుంటాయి. రంగు మార్చాలంటే అతికేటప్పుడే మార్చాలి. గుణశేఖర్ ఎర్ర నూలు బీములు సిద్ధం చేసి పెట్టి, తెల్లవారుజామునే షావుకారు నారాయణను పిలుచుకు రావడానికి తిరుచానూరు వెళ్లాడు. ఈ పడుగు నారాయణకు నచ్చితే వరసగా పని ఇస్తాడు, మగ్గాలు నిలుస్తాయి. నచ్చకపోతే ఇనుము కొట్టువాడు వస్తాడు. ఈ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. గోవిందయ్యకు అందరికంటే బాగా తెలుసు. అందుకే కొనేవాళ్లు అడిగిన రంగే వెయ్యాలనుకున్నాడు. మూల గోతంలో మిగిలిపోయిన ఆకుపచ్చ నూలు తెచ్చి చిన్న బీములకు చుట్టుకున్నాడు. చెప్పకుండా చెయ్యడం ఆయనకు అలవాటు లేదు, రూపేష్ దగ్గరికి పోయాడు.

"అబ్బయ్యా, అంచు ఆకుపచ్చ వేస్తాండా."

రూపేష్ ఫోన్లో నుంచి తల ఎత్తలేదు. "ఊఁ, ఏస్కో పెద్దాయనా," అన్నాడు.

మధ్యాహ్నం కుప్పమ్మ సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చింది. మొగుడి చేతికి ముద్ద ఇస్తుంటేనే ఆమెకు అంచు కనిపించింది. గుణశేఖర్‌ను అడిగావా అంది. కొనేవాళ్లే అడిగినాక ఆయప్పను అడిగేదేముంది అన్నాడాయన. ఆమెకు మనసొప్పలేదు. గిన్నె కడుక్కుని వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూసింది. ఆయన చెయ్యి ఎత్తి గుండె పక్కన రుద్దుకున్నాడు. పైకి మాత్రం ఊరిబిండిలో కారం ఎక్కువైందన్నాడు.

పొద్దు వాలేటప్పటికి కారు వచ్చింది. నారాయణ తెల్ల చొక్కా, నుదుట నామం, మర్యాద తెలిసిన మనిషి. గుణశేఖర్ బీముల వైపు చూడకుండానే హడావిడిగా స్విచ్చి వేశాడు. మగ్గం దడదడలాడి, అతుకులన్నీ అచ్చు దాటి ముందుకొచ్చాయి. ఒక్క పోగు తెగలేదు. పసుపు గుడ్డ నాలుగు వేళ్ల మేర పడింది. దాని పక్కన ఆకుపచ్చంచు, లేత అరిటాకులా.

నారాయణ గుడ్డ పట్టుకుని చూశాడు.

"ఏంది గుణశేఖరా ఇది? అమ్మవారికి పెట్టే చీరలు. ఎర్రంచు లేకుండా నా అంగట్లో ఎవురు ముట్టుకుంటారు?"

గోవిందయ్య తువ్వాలు చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు.

"కొనేవాళ్లే చెప్పినారు సామీ. ఫోన్లో చెప్పినారు. ఆకుపచ్చయితే తీసుకుంటామని మాటిచ్చినారు."

ముందు రూపేష్ నవ్వాడు. మగ్గం తోలే కుర్రకారు నవ్వారు. నారాయణ కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు.

"అయ్యో పెద్దాయనా, వాడెవడో ఊరికే అన్నాడు," అన్నాడు రూపేష్.

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికే. టైంపాసు."

"వందలమంది ఔనన్నారు గదప్పా."

"వాళ్లూ అంతే."

గోవిందయ్య ఒకరి తర్వాత ఒకరి మొహం చూశాడు, ఎవరో ఒకరు ఇది వేళాకోళమని చెబుతారేమోనని. నారాయణ తప్పంతా అంచు మీదికి తోయలేదు. ఆ వీడియో తానూ చూశానని, కింద జనం రాసినవి చదివాక ఈ సరుకు మీద డబ్బు పెట్టడానికి భయంగానే ఉందని, ఇంకోసారెప్పుడైనా చూద్దామని గుణశేఖర్ భుజం తట్టాడు. వినండి. టైంపాసుకు రాసిన రాతలు చదివి తల పండిన వ్యాపారి భయపడ్డాడు. వీటిని చూసి మార్కెట్టు భయపడింది, మార్కెట్టు భయపడిందని చూసి రేపు మళ్లీ మీరే రాస్తారు, డిమాండు లేదని.

కారు వెళ్లిపోయింది. గుణశేఖర్ తిట్టలేదు. పోనీలే గోవిందన్నా, ఎర్రంచు వేసినా ఇంతే అని, గోడకు వేలాడుతున్న కత్తెర తీసుకున్నాడు.

గోవిందయ్య పోయి మగ్గానికి అడ్డం నిలబడ్డాడు.

"కొయ్యద్దు గుణశేఖరా. మాటిచ్చినోళ్లు వస్తారు. రాకుండా యాడికి పోతారు?"

గుణశేఖర్ ఆ మొహం చూసి కత్తెర కింద పెట్టేశాడు. ఇనుము కొట్టువాడికి ఫోను చెయ్యడానికి బయటికి నడిచాడు. రూపేష్ ఎప్పుడో వెళ్లిపోయాడు. ఖాళీ షెడ్డులో గోవిందయ్య తన పీట మీదికి చేరి, బీముకు తల ఆనించి, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. దీపం వేళకు కుప్పమ్మ వచ్చి, ఇంటికి రావా అయ్యా అంది. పలకలేదు. దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. విభూది అంటిన వేళ్లు చల్లగా ఉన్నాయి.

మర్నాడు రూపేష్ అదే వీడియోకు పూలదండ తగిలించి మళ్లీ పెట్టాడు. అదే జనం వచ్చారు, చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఇలాంటి కళాకారులను కాపాడుకోవాలని రాశారు. ఆకుపచ్చయితే కొంటానన్నవాడూ వచ్చాడు. ఏడుస్తున్న బొమ్మ ఒకటి పెట్టి పోయాడు. చీర ఎక్కడ దొరుకుతుందని మాత్రం ఒక్కడూ అడగలేదు. తూ.

మిగతా మగ్గాలు లారీ ఎక్కాయి. ఈ ఒక్కదాని మీద చెయ్యి వెయ్యనివ్వకుండా కుప్పమ్మ రోజూ వచ్చి ముందు కూర్చుంటోంది. కొనేవాళ్లు రానీ, వచ్చి చెప్పనీ, అప్పుడు కొయ్యండి అంటోంది. గుణశేఖర్ ఆమెను లెమ్మనలేకపోతున్నాడు.

కాబట్టి రండి. రాసినవాడు రావాలి, ఔనని వేలెత్తిన ప్రతివాడూ రావాలి. ఫోను జేబులో పెట్టుకుని, రెండు చేతులూ ఖాళీ చేసుకుని నగరికి రండి. గుడ్డ పట్టుకుని చూడండి. మీరడిగిన రంగే. అన్న మాట ప్రకారం ఆ పడుగు మొత్తం నేయించి తీసుకుపొండి. చేతకాదా, కుప్పమ్మ ఎదుట నిలబడి ఊరికే అన్నామని మీ నోటితో చెప్పి, ఆ కత్తెర మీరే పట్టండి.

పీట పక్కన ఆ డబ్బా ఇంకా మూత లేకుండానే ఉంది. విభూదిలో ఒక వేలి గుంట, గీతలేమీ లేకుండా, నున్నగా.