మే పద్దెనిమిది, మధ్యాహ్నం ఒంటిగంట

వెంకట్రాజుగారికి పొద్దున్న లేవగానే రెండు పనులు. ఒకటి, వేలి చివర సూదితో పొడుచుకుని షుగరు చూసుకోవడం. రెండోది, ఫ్రిజ్ తలుపు తీసి, ఏమీ తీసుకోకుండా మళ్ళీ వేసెయ్యడం. మొదటిదానికి కారణం డాక్టరు. రెండోదానికి కారణం ఆయన ఎవరికీ చెప్పలేదు గానీ, ఆయన భార్య మంగతాయారుకి తెలుసు. పై అరలో, ఐసు గడ్డకట్టే చోట, వెనక మూలకి ఒక పెద్ద స్టీలు డబ్బా ఉంది. దాని మీద అంటించిన ప్లాస్టరు ముక్క మీద ఆయన చేతిరాత: 'మే 18, మధ్యాహ్నం ఒంటిగంట.'

మిగతా డబ్బాలన్నిటి మీదా మంగతాయారు రాతే ఉంటుంది. భీమడోలు నుంచి కొల్లేటివైపు దిగే ఆ ఊళ్ళో పళ్ళ ఐసు చెయ్యడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. పండు గుజ్జు తీసి, లేత పాకంలో కలిపి, నిమ్మకాయ పిండి, డబ్బాలో పోసి గడ్డకట్టే అరలో పెడుతుంది. గంటకోసారి తీసి ఫోర్కుతో గీరి మళ్ళీ లోపల పెడుతుంది. పాకం సరిగ్గా పడితే ఐసు మెత్తగా, చెంచాకి లొంగేటట్టు వస్తుంది. ఆఖర్న డబ్బా మీద ప్లాస్టరు అంటించి, పండు కోసిన తేదీ, వేళ రాస్తుంది.

వేళ రాయకపోతే కుదరదు మరి. పండు కోసిన పూట ఐసులో ఉండిపోతుంది. అది తింటున్నవాళ్ళ నోట్లో కరుగుతున్నంతసేపూ వాళ్ళ చుట్టూ ఆ పూటే నడుస్తుంది. చిన్న గిన్నెడు ఐసుకి ఒక వాకిలి మేర, పెద్ద డబ్బాకి అంతకంత. మే నెలలో కరెంటు పోతే ఆవిడ డిసెంబరు పొద్దుట కోసిన జామపండు ఐసు తీసేది, వీధి అరుగు మీద మంచు పడేది. శ్రావణమాసం ముసుర్లో వడియాలు ఎండకపోతే పక్కింటివాళ్ళు గిన్నె పట్టుకొచ్చి, "వదినగారూ, ఏప్రిల్ పుచ్చకాయ ఐసు కాస్త ఉందాండీ?" అని అడిగేవారు. ఇచ్చేది. వాళ్ళు డాబా మీద వడియాల పక్కన పీట వేసుకుని, గొడుగు మూసేసి, తాపీగా తినేవారు.

ద్రాక్షకి మాత్రం ఆ గుణం నిలవదు. ఎదురింటి జాయ్సీగారు పెద్ద ఆస్పత్రిలో నర్సు. ప్లాస్టరు ముక్కలు ఇచ్చేది ఆవిడే. ఏటా క్రిస్మస్‌కి ఏలూరు నుంచి నల్ల ద్రాక్ష తెచ్చి, చితిపి, పంచదార, గుప్పెడు గోధుమలు, రెండు లవంగాలు వేసి జాడీకి గుడ్డ కట్టేది. రోజూ కర్రగరిటెతో తిప్పుతూ ఇరవై ఒక్క రోజులు పులవనిచ్చేది. పులిసేసరికి ఏ గెల ఏ పూట కోశారో అన్నీ కలిసిపోయేవి. ఆ వైన్ తాగితే చుట్టూ ఏ పూటా రాదు. ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది, అంతే.

ఆ జాయ్సీగారి మేడ మీది గదిలోనే ఏడు నెలలుగా వెంకట్రాజుగారి కూతురు ఇందుజ ఉంటోంది. వీధికి అటు కూతురు, ఇటు తండ్రి. మాటల్లేవు.

తగువంతా నాలుగెకరాల గురించి. ఆ పొలానికి మూడు పక్కలా చేపల చెరువులు వచ్చేశాయి. ఊట నీరు దిగుతోంది, మనుషులు దొరకరు, రాజుగారికి మోకాళ్ళు లేవనివ్వవు. చెరువుకి లీజుకి ఇచ్చేస్తానన్నారు. వ్యవసాయ డిగ్రీ చదివి, ఏలూరులో ఎరువుల కంపెనీ ఉద్యోగం చేస్తున్న ఇందుజ ఆ ఉద్యోగం మానేసి వచ్చి, నేను చేస్తాను నాన్నగారూ అంది. ఒకసారి తవ్వాక అది మళ్ళీ పొలం కాదండీ అని కూడా అంది. రెండు మూడు రోజులు మామూలుగానే వాదించుకున్నారు. నాలుగోనాడు భోజనాల దగ్గర ఆయన నోరు జారారు.

"నీకు మట్టి సంగతి ఏం తెలుసని? కాగితాల మీద చదువుకున్నదానివి. సరే, ఈ సార్వా పంట ఒక్కటీ చేసి చూపించు. నీ ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ మిషను పరీక్ష నెగ్గిందంటే పొలం నీది. నెగ్గకపోతే చెరువు. అప్పటిదాకా నా ఎదురుగా ఉండి నా ప్రాణం తియ్యకు."

ఇందుజ కంచంలో చెయ్యి కడుక్కుంది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి, రోడ్డు మీద తారు కరుగుతున్న ఎండలో, బ్యాగు భుజానేసుకుని వీధి దాటింది. మంగతాయారు అప్పుడు తాడేపల్లిగూడెంలో చెల్లెలి ఇంట్లో ఉంది. సాయంత్రం ఫ్రిజ్ తీస్తే, పెరటి చెట్టు మామిడిపళ్ళతో చేసిన ఐసు డబ్బా ఒకటి రాజుగారికి కనబడింది. కూతురు చేసిందే, వేళ రాయలేదు. ఆయనే రాశారు. ఆయన మనసులో ఆ రోజుకి ఉన్న వేళ అదొక్కటే.

ఆ డబ్బా ఎప్పుడూ తియ్యలేదు. తీస్తే ఆ ఎండ మళ్ళీ కాస్తుంది, ఆ గేటు చప్పుడు మళ్ళీ వినబడుతుంది. మనిషికి కొన్ని భయాలుంటాయి, ఎంత రాజుగారైనా.

డిసెంబరు రెండో వారంలో తుపాను వచ్చింది. ఇందుజ అంతకు ముందురోజే కోత మిషనుతో కోయించి, ధాన్యం రోడ్డు మీద టార్పాలిన్ బరకాల మీద పోసింది. మూడు రోజులు ముసురు. కప్పిన బరకాల కింద ధాన్యం వేడెక్కి వాసన రావడం మొదలైంది. నాలుగోరోజు వాన ఆగింది గానీ మబ్బు పోలేదు. కొనుగోలు కేంద్రం నుంచి అచ్యుతరావు తేమ మిషను పట్టుకొచ్చి గుప్పెడు గింజలు వేసి చూశాడు.

"తేమ ఇరవై ఒకటి చూపిస్తోందండి ఇందుజగారూ. పదిహేడు దాటితే నేను తీసుకోకూడదు. లారీ ఐదింటికి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో నాకే తెలీదు. రేపటికి మొలకలొచ్చేస్తాయండి ఇది."

ఈ మాట క్షణాల మీద వీధికి చేరింది. చెరువు లీజువాళ్ళ నుంచి కూడా అదే గంటలో రాజుగారికి ఫోను వచ్చింది. "చెరువు తవ్వడానికి పొక్లెయినర్ సోమవారం పంపించమంటారాండీ?" అని. సాయంత్రం చెప్తానన్నారు ఆయన. ఫోను పెట్టేసి కూర్చుంటే గెలుస్తున్నవాడి సంతోషం ఏ మూలా లేదు. పొలం చెరువైతే ఇందుజకి ఇంక ఈ ఊళ్ళో పనుండదు. ఎక్కడో ఉద్యోగం వెతుక్కుంటుంది. ఆ మేడ గదిలో లైటు వెలగదు. రోజూ సాయంత్రం ఆ లైటు వెలిగేదాకా తను అరుగు మీదే కూర్చుంటున్నానన్న సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది.

వంటింట్లో మంగతాయారు డబ్బాలు తీస్తోంది. మొగుణ్ణి అడగలేదు, చెప్పలేదు. ఏప్రిల్ పుచ్చకాయ, మే ముంజలు, జూన్ మొదటి వారం నేరేడు, ఎండవేళ కోసినవన్నీ బుట్టలో సర్దింది. సీతాఫలాలు, జామపళ్ళు వెనక్కి నెట్టేసింది. మూలనున్న డబ్బా ముట్టుకోలేదు.

పదకొండింటికి ఊరంతా రోడ్డు మీద ఉంది. పీటలు, స్టూళ్ళు, ప్లాస్టిక్ కుర్చీలు ధాన్యం పొడుగునా వేసుకుని కూర్చున్నారు. మంగతాయారు గిన్నెలు పంచుతూ, "నెమ్మదిగా తినండి, మింగెయ్యకండి, నాలిక మీదే ఉంచండి" అని పెళ్ళి బంతిలో వడ్డించినట్టు తిరుగుతోంది. పైన మబ్బు మబ్బుగానే ఉంది. కింద మాత్రం ఒకచోట ఏప్రిల్ మూడు గంటల ఎండ, దాని పక్కన మే పదకొండు గంటల ఎండ. ఒకళ్ళ నీడ తూర్పుకి పడితే పక్కవాళ్ళ నీడ పడమటికి పడింది. జనానికి పళ్ళు జివ్వుమంటున్నాయి, వీపుల మీద చెమటలు కారుతున్నాయి. ఇందుజ, జాయ్సీగారు, ఆవిడ కూతురు ప్రీతి పాదాలతో చాళ్ళు తీస్తూ ధాన్యం తిరగేస్తున్నారు.

మూడున్నరకి గిన్నెలు ఖాళీ అయ్యాయి. మబ్బు మళ్ళీ కిందికి దిగింది. అచ్యుతరావు మిషను చూశాడు.

"పద్దెనిమిదిన్నర" అన్నాడు, తప్పు తనదే అయినట్టు.

ఇందుజ ధాన్యం మధ్యలో అలాగే నిలబడిపోయింది. అప్పుడు వీధి మలుపులోంచి వెంకట్రాజుగారు వచ్చారు. మోకాళ్ళు సహకరించక ఒక చెయ్యి నడుం మీద, రెండో చేతిలో స్టీలు డబ్బా.

"ఏవండీ, అదెందుకు తెచ్చారు? ఇలా ఇవ్వండి, ఎవరైనా తింటారు. మీకు షుగరు" అంది మంగతాయారు.

"ఆ రోజు ఎండ నావల్ల కాసింది తాయారూ. నేనే తినాలి."

"నాన్నగారూ, అది..." అంది ఇందుజ. ఏడు నెలల తర్వాత మొదటి మాట. ఆయన వినిపించుకునే స్థితిలో లేరు. కుర్చీలో కూర్చుని, మూత తీసి, కళ్ళు మూసుకుని చెంచా గుచ్చారు.

చెంచా దిగలేదు. రాయిలా ఉంది. గట్టిగా గీరితే గోరంత ముక్క లేచింది. నోట్లో వేసుకున్నారు.

ఎండ రాలేదు. రోడ్డంతా నీలంగా, మసకగా అయిపోయింది. ఎక్కడో కోయిల కూసింది. మబ్బులుండాల్సిన చోట ఒక చుక్క వెలుగుతోంది. తెల్లవారుజాము. అందరూ ముఖాలు చూసుకున్నారు. అచ్యుతరావు మిషను సంచీలో పెట్టెయ్యబోయాడు.

వెంకట్రాజుగారి నాలిక మీద ముక్క కరిగింది. పుల్లటి, తియ్యటి మామిడి, దాని వెనక ఇంకేమీ లేదు. ఆయన మళ్ళీ గీరి నోట్లో వేసుకున్నారు. లేదు.

"పంచదార వెయ్యలేదేం?" అన్నారు, కళ్ళు తెరిచి.

"మీ కోసం చేసిందే కదండీ" అంది ఇందుజ. "అమ్మ ఊళ్ళో లేదు. అన్నం తిన్నాక తీపి కోసం మీరు డబ్బాలన్నీ వెతుకుతారు, పాకం వేసినవి తినేస్తారని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చీకటుండగానే లేచి చెట్టెక్కి కోశాను."

ఏడు నెలలు ఆ డబ్బాలో కూతురి కోపం ఉందని భయపడుతూ ఆయన ఫ్రిజ్ తలుపు వేసేస్తూ వచ్చారు. అందులో ఉన్నది ఇది.

అప్పుడు గాలి లేచింది. మే నెల తెల్లారగట్ల నల్లజర్ల మెట్ట మీంచి వచ్చే పొడి గాలి. బరకాల అంచులు టపటపలాడాయి. నలభై ఏళ్ళు వరి చేసిన మనిషికి ఆ గాలి ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

"ఎండ కోసం చూస్తారేంటర్రా, గాలి కంటే బాగా ఆరబెట్టేదేముంది! పల్చగా లాగండి! ఇందూ, ఆ చివర కుప్ప విప్పు! తిరగెయ్యండి, తిరగెయ్యండి!"

అందరూ ధాన్యంలోకి దిగారు, అచ్యుతరావుతో సహా. రాజుగారు కుర్చీలో కూర్చుని గీరుతూనే ఉన్నారు. పాకం పడిన ఐసైతే పావుగంటలో నీళ్ళయిపోయేది. ఇది పంచదార లేని ఐసు, చెంచాకి లొంగదు, తొందరగా కరగదు. గోరంత ముక్క చాలాసేపు నాలిక మీద ఉంటుంది. గంటపైన తెల్లవారలేదు, గంటపైన గాలి ఆగలేదు. ఆయన పెదాలు నల్లబడ్డాయి, దవడ బిగుసుకుపోయింది. మధ్యలో జాయ్సీగారు వచ్చి నాడి చూసి వెళ్ళారు.

నాలుగూ యాభైకి అచ్యుతరావు గుప్పెడు గింజలు మిషనులో వేశాడు. పైకి చదవడానికి ముందు ఒకసారి తను చూసుకున్నాడు.

"పదహారు పాయింటు తొమ్మిది. సంచులు పట్టండి!"

గోలలో ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో తెలీదు. జాయ్సీగారు ఇంటికి పరుగెత్తి జాడీలోంచి చిన్న గ్లాసుడు ద్రాక్ష వైన్ పట్టుకొచ్చారు. "ఇంకా మూడు రోజులు పులవాలి రాజుగారూ, అయినా పుచ్చుకోండి. మందనుకోండి. వణికిపోతున్నారు." ఆయన రెండు గుక్కలు తాగారు. ఒంట్లో వెచ్చదనం దిగాక చెయ్యి కాస్త నిలకడగా ఆడింది. ఫోను తీశారు.

"పొక్లెయినర్ పంపకండి" అన్నారు. అవతల ఏదో అడిగారు. "లేదండి, దాళ్వా పంటకి నారు పోస్తున్నారు." మళ్ళీ ఏదో అడిగారు. "ఎవరేంటండీ? మా అమ్మాయి."

ఇందుజ దగ్గరకొచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. పాదాల నిండా వడ్ల నూగు, జుట్టునిండా దుమ్ము. డబ్బా అడుగున ఒక చెంచాడు మిగిలింది. ఆయన అది గీరి కూతురి నోటికి అందించారు.

డబ్బాలో ఇంక ఆ చెంచాడే మిగిలింది కాబట్టి వాళ్ళిద్దరి చుట్టూ మాత్రమే మసక వెలుతురు పరుచుకుంది. కోయిల కూసింది. అసలు ఆ తెల్లవారుజామున, ఆ పిల్ల ఒక్కర్తీ చెట్టెక్కినప్పుడు, ఆయన లోపల నిద్రపోతున్నారు. ఇప్పుడు మెలకువగా కూర్చుని, అది కరిగిపోయేదాకా కూతురి చెయ్యి పట్టుకున్నారు.