మొదటి ఏడుపు దాచే గోడ

పొద్దున్నే కాన్పుల వార్డులో మొదట వినబడేది బకెట్ చప్పుడు. తర్వాత చీపురు. ఆ తర్వాత సిస్టరమ్మ.

"తల్లుల్లారా, గోళ్లు చూపించండి!"

వరసగా నిలబడ్డ విద్యార్థినుల చేతులు తిప్పి తిప్పి చూసేదావిడ. ఎవరి గోరు కాస్త పెరిగినా అక్కడే మాటలతో కడిగేసేది. "ఏమ్మా, పిల్లిలా గోడలెక్కడానికొచ్చావా, పురుడు పోయడానికొచ్చావా?"

గోళ్ల పరీక్ష అయ్యాక, చేతులు కడుక్కునే ముందు, అమ్మాయిలంతా స్టెతస్కోపులు తీసి పడమటి గోడకు ఆనించి కాసేపు వినేవారు. గోడలకు చెవులుంటాయని లోకమంతా అంటుంది. దేవుడి దయవల్ల ఈ ఆడపిల్లల వైద్య కళాశాల గోడకు గొంతు కూడా ఉంది. ఆ గదిలో పుట్టిన ప్రతి బిడ్డ మొదటి ఏడుపూ ఆ గోడలోకి ఇంకి, అక్కడే ఉండిపోయేది. చెవి పెడితే తేనెతుట్టె దగ్గర నిలబడ్డట్టు సన్నగా జుమ్మనేది. స్టెతస్కోపు మెల్లగా జరుపుకుంటూ పోతే ఒక్కో ఏడుపూ విడిగా దొరికేది. గుక్కపట్టిన ఏడుపు, కోపపు ఏడుపు, ఆకలేడుపు. గుండె చప్పుడు వినడం నేర్చుకునే ముందు ఆ అమ్మాయిలకు చెవి పదునెక్కేది అక్కడే. ఊళ్లో తల్లులు ఎదిగిన పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, "ఇదిగో, కిటికీకి జానెడు కింద... ఇది నువ్వే" అని వినిపించుకుని పోయేవారు. ఎవరికీ ఇందులో వింతేమీ కనబడేది కాదు. సున్నం వేసే మేస్త్రీ ఒక్కడే, "రెండు పూతలేసినా ఆరదమ్మా ఈ గోడ, ఎప్పుడూ లోపల్నుంచి చెమ్మే" అని సణిగేవాడు.

అసలు ఆ గోడ ఒక పాత ధాన్యం గిడ్డంగిది. పరపురుషుడికి నాడి చూపించుకోవడం కంటే చావడమే మర్యాద అనుకునే కాలంలో, మొదటి డాక్టరమ్మ ఆ గిడ్డంగి అద్దెకు తీసుకుని, నలుగురు ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టింది. ఎలుకలను తరిమారు, కిటికీలకు గుడ్డలు కట్టారు, బల్లమీద శవాన్ని పడుకోబెట్టారు. "ఆడపిల్లలు శవాలు కోస్తారటగా!" అని ఊరు ముక్కుమీద వేలేసుకుంది. "కోస్తారు నాయనా, బతికున్నవాళ్లని బతికించడానికి" అందట ఆ మహాతల్లి. అయినా పుకారు ఊరుకుంటుందా? లోపలికి పోయిన ఆడది తిరిగి రాదన్నారు. అప్పుడే ఆవిడ ఒక నియమం పెట్టింది. పురుడు పోసిన విద్యార్థిని తనే వరండాలోకి వచ్చి, గేటు దాకా వినబడేలా చెప్పాలి. పుట్టింది ఎవరు, తల్లెలా ఉంది, బిడ్డెలా ఉంది. మంచైనా చెడైనా అదే గొంతుతో. "దాచిన మాటలోంచే దయ్యాలు పుడతాయి" అనేదట.

గిడ్డంగి పోయి పెద్ద పెద్ద భవనాలొచ్చాయి. ఆ గోడా మిగిలింది, ఆ కేకా మిగిలింది. కేక వేయలేని పిల్లకు కాన్పుల వార్డులో చివరి సంతకం పడదు. ఆ సంతకం లేనిదే ఎవరూ డాక్టరు కారు.

మన గుసగుసకు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ పిల్లకు తోటివాళ్లు పెట్టిన పేరది. తరగతిలో అందరికంటే చురుకు. పొట్టమీద అరచెయ్యి ఆనిస్తే చాలు, లోపల బిడ్డ ఎటు తిరిగి ఉందో చెప్పేసేది. కాకపోతే ఆ చెప్పేది ఎవరికీ వినబడేది కాదు. పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు కదా, ఈ పిల్ల మాట పెదవి దాకా వచ్చి, ఒక దణ్ణం పెట్టి వెనక్కి పోయేది.

ఆమె పుట్టిందీ ఆ గదిలోనే. తల్లి బట్టలు కుట్టేది. మిషను తొక్కుతూనే ఆ కథ చెప్పేది. "నువ్వు ఏడవలేదే. నీలంగా, గుడ్డముక్కలా పడున్నావు. ఆ రోజు నాకు పురుడు పోసిన డాక్టరమ్మే నీకు ఊపిరి పోసింది. ఊపిరైతే వచ్చింది గానీ ఏడుపు రాలేదు. పక్క మంచాలవాళ్లంతా గోడ దగ్గరికి పోయి వింటుంటే, నేనేం వినను?" ఆ డాక్టరమ్మే ఇప్పుడు కాలేజీకి పెద్ద. అందరూ పెద్ద డాక్టరమ్మ అంటారు.

కాలేజీలో చేరిన కొత్తలో గుసగుస గోడంతా గాలించింది. తలుపు పక్కన అరచెయ్యంత చోటు దొరికింది. అన్ని ఏడుపుల మధ్యా అదొక్కటే మౌనం. ఇది నేనే, అనుకుంది.

ఆ మధ్య ఒక కాన్పు తల్లీబిడ్డా క్షేమంగా చేసి వరండాలోకి వచ్చింది. నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, అంతే. గేటు దగ్గర నిలబడ్డ అమ్మమ్మ ఆ పాలిపోయిన మొహం, ఆ చప్పుడు లేని పెదవులు చూసి, కూతురు పోయిందనుకుంది. నిలువునా రాతిమెట్ల మీద కూలబడింది. మణికట్టు విరిగింది. లోపల బాలింత హాయిగా పాలు తాగుతోంది. తర్వాత ఆ ముసలమ్మ కట్టు కట్టిన చేత్తోనే పిల్ల బుగ్గ నిమిరి, "పోనీలేవే" అంది. గుసగుస మాత్రం ఆ సంగతి పోనివ్వలేకపోయింది.

పెద్ద డాక్టరమ్మ గదిలోకి పిలిచింది.

"తల్లీ, నీ చేతులంటే నాకు గౌరవం. కానీ మందెంతో మాటా అంతే. ఇంకొక్క కాన్పు ఇస్తాను. ఆ రోజూ గొంతు రాకపోతే ఇక నావల్ల కాదు. ఏదైనా ల్యాబులో చేరుదువుగాని."

ఇంట్లో తల్లి అప్పటికే తెల్లకోటు కుట్టి, ఇస్త్రీ చేసి, కొక్కేనికి తగిలించి పెట్టింది. గుసగుస ఏమీ చెప్పలేదు. చెప్పినా వినబడదు కదా.

ఆ ఒక్క కాన్పూ రానే వచ్చింది. వచ్చినావిడ కూరగాయలమ్మి. వీధి మొదట్లో "వంకాయలో!" అంటే వీధి చివర తలుపులు తెరుచుకునే గొంతు ఆవిడది. వరండాలో మొగుడు కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అత్తగారు బల్లమీద కూర్చుని ఉంది. ఆవిడకు బొత్తిగా చెవుడు.

"ఈ పిల్లేనా నాకు పురుడు పోసేది? ఏం మాట్లాడదేం?" అని అరిచింది కూరగాయలమ్మి, నొప్పికీ నొప్పికీ మధ్య.

"నీ నోరు చాలు లేమ్మా గది మొత్తానికి. ముక్కు, ముక్కు!" అంది సిస్టరమ్మ.

"పిల్లా, కావాలంటే నా గొంతు సగం పట్టుకుపో!"

గుసగుస నవ్వి, ఆవిడ మోకాలిమీద చెయ్యి వేసి ఏదో అంది. ఏమందో గానీ, ఆ చెయ్యి పడగానే కూరగాయలమ్మి కుదుటపడింది. తల కనబడింది. ఎప్పట్లాగే గోడ మాట్లాడ్డం మానేసింది. బిడ్డ బయటపడే వేళకు ఆ గోడెప్పుడూ అంతే, జుమ్మనడం ఆపి కొత్త ఏడుపుకు చోటిస్తుంది.

బిడ్డ గుసగుస చేతుల్లోకి జారింది. ఆడపిల్ల. నీలంగా, మెత్తగా, గుడ్డముక్కలా ఉంది.

గుసగుస గుండె జారింది గానీ చేతులు జారలేదు. తుడిచింది. వీపు రుద్దింది. అరికాలు తట్టింది. ముక్కూ నోరూ శుభ్రం చేసి, చిన్న మాస్కు పెట్టి దాని గాలి సంచీ నొక్కింది. పెద్ద డాక్టరమ్మ బొడ్డుతాడు మీద రెండు వేళ్లు వేసి, "నాడి ఉంది. కానియ్" అంది. రొమ్ము లేచింది. పడింది. కాస్త ఎరుపొచ్చింది. మాస్కు తీస్తే రెండు ఊపిరులు తీసి మళ్లీ ఆపేసేది. ఇలా ఒకసారి, ఇంకోసారి.

"ఏడవలేదేం?" అంది కూరగాయలమ్మి. వీధులు దద్దరిల్లే ఆ గొంతు ఇప్పుడు గుసగుసలాడింది. "అమ్మా, నా బిడ్డ ఏడవలేదేం?"

గోడ ఇంకా మౌనంగానే ఉంది. ఇన్ని వేల ఏడుపులు తమ ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాయి. ఆ నిశ్శబ్దంలో తలుపు పక్కనుంచి, ఆ అరచెయ్యంత చోటులోంచి, గుసగుసకు ఒక చప్పుడు వినబడింది. ఎవరో గుండెల నిండా గాలి పీల్చుకున్న చప్పుడు. పీల్చుకుని, వదలకుండా ఆగిపోయిన చప్పుడు. అక్కడ ఉన్నది మౌనం కాదని అప్పుడు తెలిసిందామెకు. తనకు ఏడుపు లేకపోలేదు. ఇంతకాలం గోడ దాన్ని అంచుమీద పట్టుకుని ఉంది.

గుసగుస నోరు తెరిచింది.

కేర్‌ర్‌ర్!

అప్పుడే పుట్టిన పసికందు ఏడుపది. పచ్చిగా, మొండిగా, అద్దాలు అదిరేలా. సిస్టరమ్మ చేతిలో గుడ్డ కిందపడింది. గుసగుస చేతుల్లోని బిడ్డ ఉలిక్కిపడి చేతులు చాచింది, మూతి ముడిచింది, ఈ పోటీకి నేనేం తక్కువా అన్నట్టు గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఇద్దరూ కలిసి ఏడ్చారు. వాళ్లతోపాటు గోడంతా ఒక్కసారి జుమ్మంది.

"దేవుడా, నా తండ్రీ" అంది సిస్టరమ్మ. వెంటనే తేరుకుని, "నిలబడ్డావేం? వెళ్లు! కేక!" అంది.

గుసగుస బిడ్డను తల్లి రొమ్ముమీద పడుకోబెట్టి వరండాలోకి నడిచింది. మొగుడు ఆగిపోయాడు. అత్తగారు తలెత్తింది.

"ఆడపిల్ల పుట్టింది! తల్లి క్షేమం! బిడ్డ క్షేమం!"

గేటు బయట రిక్షావాళ్లు తిరిగి చూశారు. చెట్టుమీది పావురాలు లేచిపోయాయి. రెండో అంతస్తులో పాఠం చెబుతున్న లెక్చరరు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అత్తగారు చెవిలో వేలు పెట్టి తిప్పుకుంది. "ఎందుకమ్మా అంత అరుస్తావు, నాకేమైనా చెవుడా?"

సాయంత్రానికి సంతకం పడింది. పెద్ద డాక్టరమ్మ కలం మూత బిగించి, "నువ్వు పుట్టిన రోజున నేను చాలాసేపు ఎదురుచూశానే" అని మాత్రం అంది.

కబురు విని తల్లి తెల్లకోటు చంకలో పెట్టుకుని, వేలికి కుట్టుపని తొడుగు తీయడం కూడా మరిచి పరిగెత్తుకొచ్చింది. గుసగుస ఆమెను చెయ్యిపట్టుకుని తలుపు పక్కకు తీసుకెళ్లి, తన స్టెతస్కోపు ఆమె చెవులకు పెట్టి, రెండో కొన గోడకు ఆనించింది. తల్లి కళ్లు మూసుకుంది. చాలాసేపు వింది. తర్వాత ఆ అరచెయ్యంత చోటును వేళ్లతో నిమిరి, ఊళ్లో తల్లులందరూ ఎప్పుడో అనేసిన ఆ మాటను తనూ అంది.

"ఇదిగో... ఇది నువ్వే."