సలోమి పీల్చిన ఆవిరి

నేను ఒక ఆవిరి యంత్రాన్ని. ఫేషియల్ చేసేటప్పుడు ఆడవాళ్ళ ముఖానికి వెచ్చటి ఆవిరి పట్టడం నా పని. ఢిల్లీలో ఒక ఇరుకు సందులోని షెడ్డులో నన్ను బిగించారు. చక్రాల కాలు, పొడుగాటి మెడ, నీళ్ళు పోసే గాజు సీసా, అంతే నా ఒళ్ళు. అట్టపెట్టెలో కూర్చుని, లారీలు మారి పిఠాపురం వచ్చాను.

నన్ను కొన్నవాళ్ళు హైమావతి, సలోమి. బస్టాండు వెనక ఒక మేడమీద గదిలో ఇద్దరూ కలిసి బ్యూటీ పార్లర్ నడిపేవారు. కరోనా మొదటిసారి వచ్చినప్పుడు ఆ గదికి తాళం పడింది. తాళం తీశాక కూడా ఎవరూ మెట్లెక్కలేదు. మనుషులు ఒకరి ఊపిరికి ఒకరు భయపడుతున్న రోజులు. వీళ్ళదేమో ముఖంలో ముఖం పెట్టి చేసే పని. ఇలాంటి చిన్న దుకాణాలకు ప్రభుత్వం ఊరట రుణాలు ఇస్తోందని తెలిసి ఇద్దరూ జంటగా సంతకాలు పెట్టారు. దీంతో ఏం కొంటారని బ్యాంకులో అడిగితే సలోమి తడుముకోలేదట. "ఆవిరి మిషనండి. ఇప్పుడు ఆవిరంటే అందరికీ నమ్మకమండి," అందట.

ఆమె అన్నట్టే జనం వచ్చారు. జబ్బు భయంతో కొందరు, అందం మీద ఆశతో కొందరు. చాలామంది రెండూ కలిపి తెచ్చుకున్నారు. సలోమి కనుబొమలు తీర్చేటప్పుడు దారం కొసను పళ్ళతో బిగించి పట్టేదట. మూతికి మాస్కు వచ్చాక ఆ కొసను మెడకు కట్టుకుని, నోరు ఖాళీ అయిందని ఇంకా ఎక్కువ మాట్లాడేది. హైమావతి మితభాషి. సలోమి నవ్వితే తనూ నవ్వేది.

రెండోసారి ఆ జబ్బు ఇంకా కోపంగా వచ్చింది. గదికి మళ్ళీ తాళం పడింది. ఒక మధ్యాహ్నం హైమావతి నన్ను ఆటోలో సలోమి ఇంటికి తీసుకెళ్ళింది. సలోమి మంచం మీద ఉంది. రొయ్యల షెడ్డులో పనిచేసే ఆమె తల్లి మార్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆసుపత్రిలో మంచాలు లేవు. ఖాళీ అయితే ఫోను చేస్తామన్నారు. అంతవరకూ ఊరికే కూర్చోలేక హైమావతి నా సీసాలో నీళ్ళు పోసింది.

"ఏంటక్కా, బేరాల్లేక నాకే ఫేషియల్ చేసేత్తన్నావా?" అంది సలోమి.

"మాట్లాడకే. పీల్చు."

ఆమె ముఖం నాకు చాలా దగ్గరగా వచ్చింది. నేను ఊదుతున్నాను, ఆమె పీల్చాలని చూస్తోంది. ఆవిరి ఆమె చెంపల మీద చెమటలా జారింది గానీ లోపలికి దిగలేదు. ఆమె రొమ్ములో గరగరమని ఒక చప్పుడు. నా సీసాలోనూ మరుగుతున్న చప్పుడు. కాసేపటికి ఏది ఎవరిదో గదిలో ఎవరికీ తెలియలేదు. పొద్దు వాలుతుండగా ఒక చప్పుడు ఆగిపోయింది. హైమావతి వంగి నా స్విచ్చు చూసింది. నేను ఆగలేదు.

ఆ తర్వాత ఫోను మోగింది. మంచం ఖాళీ అయిందట.

పార్లర్ మళ్ళీ తెరిచాక వచ్చిన మొదటి బేరానికే హైమావతి నన్ను వేసింది. నీళ్ళు కాగి గరగరమనగానే ప్లగ్గు పీకేసింది. నన్ను మూలకు నెట్టి దుప్పటి కప్పింది.

ఒకరోజు బ్యాంకు నుంచి ఒకాయన వచ్చాడు. "రుణంతో కొన్న మిషను ఫోటో తీసుకోవాలమ్మా. రెండో ఆవిణ్ణి కూడా పిలవండి."

"ఆవిడ రారండి."

"ఎప్పుడొస్తారు?"

హైమావతి దుప్పటి తీసి, ఒక పక్కగా నిలబడింది. రెండో పక్క ఖాళీగా వదిలింది. ఆయన ఫోను ఎత్తి, మధ్యలోకి జరగమనబోయి, ఆ ఖాళీని చూసి ఊరుకున్నాడు. అలాగే ఫోటో తీసుకుని, చెప్పులు చప్పుడు కాకుండా మెట్లు దిగాడు.

కొన్నాళ్ళకు మార్తమ్మ వచ్చింది. కూతురు పనిచేసిన ఆ గదిలోకి ఆమె అంతకుముందు ఎన్నడూ అడుగు పెట్టలేదు.

"పాపా, ఆ మిషను ఓపాలి ఎయ్యమ్మా."

"వద్దు పిన్నీ. అందులో నాకు సలోమి ఊపిరి వినపడుతోంది."

"అందుకే వచ్చానమ్మా."

మార్తమ్మ కుర్చీలో బిడియంగా కూర్చుంది. ఐసులో నాని పగిలిన చేతుల్ని ఒడిలో దాచుకుంది. హైమావతి నీళ్ళు పోసి, స్విచ్చు వేసి, చెవులు మూసుకుని గోడవైపు తిరిగింది. చప్పుడు చేయకుండా ఉండాలనే నాకూ అనిపించింది. కానీ నీళ్ళు నా మాట వినవు. మార్తమ్మ కళ్ళు మూసుకుని నీళ్ళు అడుగంటే దాకా కదలకుండా కూర్చుంది. తర్వాత పమిటతో ముఖం తుడుచుకుంది.

"ఇది సలోమి ఊపిరి కాదమ్మా. దాని ఊపిరి పుట్టినకాణ్ణించీ ఇన్నదాన్ని, నాకు తెలీదా? ఇది ఉత్త నీళ్ళ సప్పుడు. నువ్వింక భయపడక, నలుగురికీ ఏసుకో."

హైమావతి నేల మీద కూలబడి బావురుమంది. సలోమి పోయాక ఆమె గొంతు విప్పి ఏడవడం అదే మొదలు. మార్తమ్మ ఆమె తల నిమిరి, నిదానంగా గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"రేపు కూడా ఓపాలి రానా అమ్మా?" అంది, వెనక్కి తిరగకుండానే.

ఇప్పుడు నేను అందరికీ ఆవిరి పడుతున్నాను. పెళ్ళికూతుళ్ళు వస్తారు, టీచర్లు వస్తారు, నా ముందు కళ్ళు మూసుకుని ముఖాలు ఇస్తారు. బేరాలు తగ్గిన వేళ చూసుకుని మార్తమ్మ వస్తుంది. హైమావతి ఏమీ అడగదు. సీసా నింపి పక్కకు వెళ్ళిపోతుంది. మార్తమ్మ మాత్రం ముఖం ఇవ్వదు. చెవి నా వైపు తిప్పి కూర్చుంటుంది.