కారు చిప్ పైకి పోతదా

జహీరాబాద్‌లో బీదర్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. బయటి నుంచి చూసినవాళ్లు ఏ పశువుల దాణా గోదామో అనుకుని ముందుకు పోతారు. లోపలికి పోతే మాత్రం ఏసీ చలి, బీరువాలంత ఓవెన్లు, తెల్ల కోటు వేసుకున్న మనుషులు. ఎలక్ట్రానిక్ ముక్కలను తెచ్చి వేయించడం, గడ్డ కట్టించడం, కుదిపి కుదిపి చూడడం అక్కడి పని. పాపం ఇన్ని పాట్లు పడి కూడా చెడిపోకుండా నిలబడిన ముక్కకే అక్కడ మంచిదన్న పేరు.

షెడ్డు యజమాని మాణిక్. ఇన్నాళ్లూ ట్రాక్టర్ల మీటర్లు, బోరు మోటార్ల స్టార్టర్లు పరీక్షించి హాయిగా బతికాడు. కోహీర్ పిల్ల నవత బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి చేరిన తర్వాతే షెడ్డుకు ఉపగ్రహాల పిచ్చి పట్టుకుంది. మాణిక్‌ను అడిగితే ఈ మాటే చెబుతాడు, అదీ సగం గర్వంగా, సగం ఏడుపుగా.

హైదరాబాద్‌లో చిన్న చిన్న ఉపగ్రహాలు తయారుచేసే కంపెనీ ఒకటుంది. అందులో నాణ్యత చూసే పెద్దమనిషి వెస్లీ. వాళ్లకు కరెంటును అదుపులో పెట్టే ఒక చిప్ కావాలి. అంతరిక్షం కోసమే తయారుచేసిన రకమైతే విదేశాల నుంచి ఏడాదికి గానీ రాదు, వచ్చేసరికి రాకెట్ వెళ్లిపోతుంది. ఏం చేద్దామని మీటింగులో అందరూ తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు షెడ్డు తరఫున వెళ్లిన నవత ఊరుకుంటే బాగుండేది. ఆ పిల్ల నోరు ఊరుకునే రకం కాదు.

"కార్లల్ల వాడే చిప్ చాలు సార్. మా దగ్గర పరీక్ష పెట్టి మంచి లాట్ ఏరి ఇస్తం. దానికి నాది పూచీ."

వెస్లీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పూచీ నోటితోని కాదమ్మా, రీడింగులతోని ఇయ్యాలె. నమూనాలల్ల ఒకటి పోతే సరే అంట. రెండోది పోయిందా, మొత్తం లాట్ వాపస్. మల్ల మీ షెడ్డుకు మా పని రాదు."

సరేనంది నవత. ఇంటికి వచ్చాక గానీ ఎంత మాట అన్నదో ఆమెకు తెలిసిరాలేదు. ఆ పని పోతే మాణిక్ మళ్లీ స్టార్టర్లకు పోతాడు, స్టార్టర్లకు నవత అక్కర్లేదు. తిరిగి బెంగళూరు హాస్టలు మంచం ఎక్కాల్సిందే. ఊరి దగ్గర ఇలాంటి పని దొరకడం ఆమెకు ఇంకో జన్మలో కూడా కుదిరేది కాదు.

కారు చిప్‌తో చిక్కేమిటంటే దాని ఒంటిమీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. పైకి పోయేలోపే ఆ ప్లాస్టిక్ మెల్లమెల్లగా తేమ పీలుస్తుంది, ఆ తేమ లోపలి సన్నటి తీగలను తినేస్తుంది. కారులో చెడితే మెకానిక్ వస్తాడు. భూమి మీద నుంచి అంత పైకి ఏ మెకానిక్ వెళతాడు? అందుకని నమూనాలను వేడికీ చలికీ కుదుపుకీ పెట్టాక, ఆఖరున ఉక్కపెట్టెలో పెట్టి రోజుల తరబడి ఉడికిస్తారు. ఉక్కపెట్టె అన్నది షెడ్డులో వాళ్లు పెట్టుకున్న పేరు. లోపల వేడీ తేమా కలిసి వానాకాలానికి తాతలా ఉంటుంది.

వేడి పరీక్షలో చిప్‌లు చెక్కుచెదరలేదు. చలికీ కుదుపుకీ కూడా అంతే. దసరా వెళ్లిన మర్నాడు నవత వాటిని బోర్డు మీద సాకెట్లలో గుచ్చి, బోర్డును ఉక్కపెట్టెలో పెట్టి తలుపు మూసింది. గడువు తీరాక తలుపు తీయకముందే రీడింగులు చూసింది. చూసి, కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

మూడింట ఒక వంతు చిప్‌లలో కరెంటు కారుతోంది, అంటే పోకూడని దారిన పోతోంది. ఒకటీ రెండూ అయితే ఏదో అనుకోవచ్చు. ఇది లాట్ మొత్తం మునిగిపోయిన లెక్క.

"మొఖం గట్లెందుకు పెట్టినవ్?" అన్నాడు అటుగా వచ్చిన మాణిక్.

"పోయినయ్ అన్న."

"ఎన్ని?"

"శానా."

మాణిక్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "వెస్లీ సార్‌కు నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?" అన్నాడు నెమ్మదిగా.

"జర ఆగుండ్రి. రేపటిదాంక ఏం చెప్పకుండ్రి."

ఇంత ఏడుపులోనూ నవత బుర్ర మాత్రం పని మానలేదు. చెడ్డ చిప్ ఎక్కడ కూర్చోబెట్టినా చెడ్డదే అవ్వాలి కదా అనుకుంది. కారుతున్న చిప్‌లను తీసి బాగున్నవాటి సాకెట్లలో పెట్టింది, బాగున్నవాటిని వీటి సాకెట్లలో పెట్టింది. తలుపు మూసి ఇంటికి పోయింది. రాత్రంతా అమ్మ మీద కారణం లేకుండా విసుక్కుంది.

పొద్దున్నే వచ్చి చూస్తే నిన్నటి దొంగలందరూ దొరలయ్యారు, నిన్నటి దొరలు కారుతున్నారు. అంటే తప్పు చిప్‌లది కాదు, బోర్డులో ఒక పక్కనున్న సాకెట్లది. నవతకు ఎగిరి గంతేయాలనిపించింది. వేయలేదు, ఎందుకంటే వెస్లీ గుర్తొచ్చాడు. కారణం చెప్పకుండా మళ్లీ పరీక్ష పెడతానంటే ఆయన ఒప్పుకోడు. పాసయ్యేదాకా పెడుతూ పోయేది పరీక్షే కాదంటాడు. ఖర్మ కొద్దీ నవత అభిప్రాయమూ అదే.

బోర్డును బల్ల మీద పెట్టి భూతద్దంతో వెతికింది. టంకాలు బాగున్నాయి, తీగలు బాగున్నాయి. మధ్యాహ్నానికి కళ్లు లాగి, కాసేపు బయట తిరిగి వచ్చేసరికి కిటికీ నుంచి బోర్డుదాకా సన్నటి చీమల బారు. బోర్డంతా వదిలేసి సరిగ్గా ఆ పాడు సాకెట్ల చుట్టే మూగాయి.

"అన్నా, గీడ చాయ్ ఎవరు తాగిన్రు?" అంది నవత. షెడ్డులో గ్లాసు పట్టుకుని తిరిగే మనిషి ఒక్కడే.

"నేను తాగలే. పిల్లల మీద ఒట్టు."

"మొన్న మీటరు మీద గ్లాసు పెట్టింది మీరే గదా."

"అది మీటరు. దీని దిక్కు నేనెప్పుడన్న వచ్చిన్నా? నువ్వు రానిస్తవా?"

వీళ్లిద్దరూ ఇలా వాదించుకుంటుండగా మాణిక్ తల్లి అనంతమ్మ సద్ది గిన్నెతో లోపలికి వచ్చింది. రోజూ నవతకు కూడా కలిపి జొన్నరొట్టెలు తెచ్చి పెట్టే మనిషి ఆమె. చీమలను చూసింది, బోర్డును చూసింది. మొఖంలో రంగు మారింది.

"చాయ్ గాదు బిడ్డ," అంది. "కొబ్బరి నీళ్లు."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఆయుధ పూజ నాడు మాణిక్ కొబ్బరికాయ కొట్టిండు గదా. తమలపాకుతోని అన్ని మిషన్ల మీద చల్లిన. నువ్వు అన్నం సుత సరిగ్గ తినకుండ దీని సుట్టే తిరుగుతున్నవని, నీ పని మంచిగ కావాల్నని, దీని మీద జర ఎక్కువనే చల్లిన. ఈ పక్కకెంచి నిలవడ్డ."

ఆ సమయంలో నవత ఎక్కడుంది? అక్కడే, ఆమె పక్కనే, కళ్లు గట్టిగా మూసుకుని దండం పెడుతోంది. ఆ గదిలోకి మంచినీళ్ల సీసా కూడా రానివ్వని పిల్లకు, పూజ అనేసరికి బోర్డు మీద గుడ్డ కప్పాలని కూడా తోచలేదు. పూజలో చల్లేది కూడా తడేనని ఆ షెడ్డులో ఒక్కరికీ తట్టలేదు.

కొబ్బరి నీళ్లలో చక్కెరా ఉప్పూ ఉంటాయి. ఎండిపోతే కంటికి కనబడవు, ఎవరి జోలికీ పోవు. ఉక్కపెట్టెలోకి వెళ్లి తడి తగలగానే కరెంటుకు అడ్డదారి వేస్తాయి. జరిగింది అదే.

"నా వల్లనే కరాబైనయా?" అంది అనంతమ్మ.

"చిప్‌లు మంచిగనే ఉన్నయ్ పెద్దమ్మా. మీరు చెప్పకుంటే నాకు ఎన్నడు తెల్వకపోతుండె." నవత ఆమెను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆకలి గుర్తొచ్చి రెండు రొట్టెలు ఆవురావురుమంటూ తినేసింది.

మాణిక్‌కు మాత్రం ఇంకో బాధ మొదలైంది. "ఇది వెస్లీ సార్‌కు ఎట్ల చెప్తం? పరీక్షలు చేసేటోళ్లమని చెప్పుకుంట కొబ్బరి నీళ్లు చల్లుకున్నమంటే మన ఇజ్జత్ ఏం గావాలె? దుమ్ము పడ్డదని చెప్పరాదా?"

"చల్లింది నేను," అంది అనంతమ్మ. "నేనే చెప్త."

అన్నట్టే వెస్లీ వచ్చాక, నవత నోరు తెరిచేలోపే ఆమె మొత్తం చెప్పేసింది. ఆయన నవ్వలేదు. "నువ్వు చెప్పేది నమ్ముతున్న పెద్దమ్మా," అన్నాడు. "కాని నా పని నమ్ముడు కాదు. నాకు రుజువు గావాలె."

బజారు నుంచి కొబ్బరికాయ తెప్పించాడు. కొత్త బోర్డు తీయించి, తన చేత్తోనే సగం మీద ఆ నీళ్లు చిలకరించి, మిగతా సగం పొడిగా ఉంచాడు. ఆరాక చిప్‌లు గుచ్చించి ఉక్కపెట్టెలో పెట్టించి, ఊళ్లోనే లాడ్జిలో దిగాడు. తెల్లారి చూస్తే చిలకరించిన సగమంతా కారుతోంది, పొడి సగం కులాసాగా ఉంది.

"మల్ల మొదటికెంచి పెట్టుండ్రి," అన్నాడు వెస్లీ. "బోర్డు ఇంకో కొత్తది. నమూనాలు నేనే ఏరుత. షరతు మాత్రం పాతదే. ఒకటి పోతే సరే, రెండోది పోతే వాపస్. ఈసారి ఏం సాకు చెప్పినా ఇనేది లేదు."

ఆ రోజులు ఎలా గడిచాయో నవతకే తెలియాలి. అనంతమ్మ షెడ్డు గుమ్మం తొక్కడం మానేసింది. సద్ది గిన్నె బయటి మెట్టు మీద పెట్టి, అక్కడి నుంచే పిలిచేది. ఎంత రమ్మన్నా లోపలికి రాలేదు.

గడువు తీరిన రోజు వెస్లీ వచ్చి నవత వెనకాల నిలబడ్డాడు. ఆమె ఒక్కో సాకెట్ రీడింగూ పైకి చదువుతోంది. మంచిది, మంచిది, మంచిది. సగం దాకా అలాగే సాగింది. తర్వాతి దాని దగ్గర ఆగింది. అది కారుతోంది.

మాణిక్ వంగి చెవిలో గొణిగాడు. "తప్పు బోర్డుదే అనరాదా? మొన్నటి లెక్కనే సాకెట్‌ది అను. ఇంక సగం ఉన్నయ్."

అతని భయం అబద్ధం కాదు. దీన్ని చెడ్డదని ఒప్పుకుంటే ఉన్న ఒక్క మినహాయింపూ అయిపోతుంది. మిగిలిన సగంలో ఇంకొకటి పోయిందంటే అంతా అయిపోయినట్టే. బోర్డు మీదికి నెట్టేస్తే ఊపిరి ఆడుతుంది, పైగా మొన్న బోర్డే తప్పని తేల్చింది కూడా ఆమే. నవతకు ఆ మాట అనాలని ఎంత ఉందో చెప్పలేం. నాలుక చివరి దాకా వచ్చింది.

అనలేదు. చిప్‌ను ఊడదీసి, అంతకుముందే మంచిదని చదివిన సాకెట్‌లో పెట్టింది. అక్కడా కారింది. దాని సాకెట్‌లో మంచి చిప్ పెట్టి చూసింది. అది నిమ్మళంగా ఉంది.

"సాకెట్ మంచిగుంది సార్. చిప్పే ఖరాబైంది. ఒకటి రాసుకోండి," అంది.

మాణిక్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. వెస్లీ రాసుకున్నాడు. మిగిలిన సగం చదువుతుంటే నవతకు తన గొంతు తనకే వినపడలేదు. మంచిది. మంచిది. ఆఖరుది చదివాక కూడా ఇంకా ఏదో ఉందనుకుని తర్వాతి సాకెట్ కోసం వెతికింది. ఏమీ లేదు, బోర్డు అయిపోయింది.

వెస్లీ కాగితం మీద సంతకం పెట్టాడు. "ఒక మాట చెప్తున్న ఇను," అన్నాడు. "బోర్డు మార్చంగనే అన్నీ మంచిగైనయంటే నేను ఇంకో నెల నాన్చుతుంటి. మీ పెట్టెకు చెడ్డదాన్ని పట్టే శక్తి ఉందో లేదో నాకెట్ల తెలుస్తది? ఒకటి పట్టింది. పట్టినదాన్ని నువ్వు దాచలే. నాకిగ వేరే రుజువు అక్కర్లేదు. లాట్ పైకి పోతది."

నవత సరేనన్నది, థాంక్స్ సార్ అన్నది. ఆ తర్వాత ఎవరి మొఖమూ చూడకుండా బయటికి నడిచి మెట్టు మీద కూలబడింది. అక్కడ అనంతమ్మ రొట్టెల గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నట్టుంది. నవత కళ్లలో నీళ్లు చూసి ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైంది బిడ్డ?"

"ఒకటి ఖరాబైంది పెద్దమ్మా."

"మల్ల నా తోనేనా?"

"కాదు పెద్దమ్మా. ఇది దానంతట అదే ఖరాబైంది." నవత ముక్కు తుడుచుకుని నవ్వింది. "కడమయన్ని పైకి పోతున్నయ్."

అనంతమ్మ గట్టిగా ఊపిరి వదిలి, గిన్నె చంకన పెట్టుకుని, ఇన్ని రోజుల తర్వాత గుమ్మం దాటి లోపలికి పోయింది.